జపాను పటంలో దీపం

పోయిన నెల మా ఆవిడ పోరు పడలేక ఖమ్మంలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. రెండు కళ్లకూ పొరలు ముదిరాయని నాకూ తెలుసు గానీ, ఈ వయసులో కొత్తగా చూడాల్సినవి ఏమున్నాయిలే అని ఏడాదిగా నెట్టుకొస్తున్నాను. ఆ మధ్య ఒకరోజు చక్కెర డబ్బా అనుకొని ఉప్పు డబ్బా తీసి, ఇంటికొచ్చిన చుట్టాల చాయలో రెండేసి చెంచాలు కలిపి ఇచ్చాక ఇక ఆమె ఊరుకోలేదు. మన ఈడు వాళ్లకు చెప్పేదేముంది, పెళ్లయి నలభై ఏళ్లు దాటాక ఇంట్లో మన మాట ఎంతవరకు చెల్లుతుందో మీకూ తెలుసు.

ఆ దవాఖానాలో టోకెను తీసుకొని కూర్చున్న వరండాలో, ఎదురు గోడమీద, చిన్నవీ పెద్దవీ అక్షరాలుండే అట్టకూ, సెల్‌ఫోన్లు ఆపండి అనే బోర్డుకూ మధ్య ఒక పటం వేలాడుతోంది. సాయంత్రపు నది. నదిలోకి దిగే ఐదు రాతిమెట్లు, చివరి మెట్టు దగ్గర కట్టేసిన ఖాళీ పడవ, నీళ్ల మీదికి వంగిన ఒక చెట్టు, చెట్టు వెనక గడ్డికప్పు ఇల్లు, ఆ ఇంటికి ఒకే ఒక్క కిటికీ, ఆ కిటికీలో పసుపుపచ్చని వెలుగు. మనిషి జాడ లేదు. కింద మూలన చిన్న ఎర్ర ముద్ర, దాని పక్కన నిలువుగా రాసిన జపాను అక్షరాలు. నా టోకెను నంబరు రెండుసార్లు పిలిచారట, నాకు వినపడలేదు. మా ఆవిడ భుజం పట్టి కుదిపితే లేచాను గానీ, డాక్టరు గదిలోకి వెళ్తూ కూడా వెనక్కి తిరిగి ఆ మెట్లు లెక్కపెట్టాను. ఐదే ఉన్నాయి.

ఆ బొమ్మ ఒకప్పుడు నా దగ్గర ఉండేది. అలాంటిది కాదు, అచ్చంగా అదే.

మా నాయన ఇల్లందులో బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఒక ఏడాది బాయిలోకి కొత్త మిషను దించడానికి జపాను నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చి మూడు నెలలున్నారు. వెళ్లిపోయేటప్పుడు తమతో పనిచేసిన వాళ్లకు తలా ఒక క్యాలెండరు ఇచ్చారు. మన రోజుల్లో క్యాలెండరుకు ఉన్న మర్యాద ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. ఏడాది అయిపోయినా బొమ్మ పారేయడానికి చేతులు రాక, కింద తేదీలు కత్తిరించి, పటం కట్టించి గోడకు పెట్టుకునేవాళ్లం కదా. ఆ క్యాలెండరులో మంచుకొండ ఉంది, పూలచెట్టు ఉంది, గొడుగు పట్టుకున్న అందమైన అమ్మాయి కూడా ఉంది, అయినా మా నాయన మాత్రం ఈ సాయంత్రపు బొమ్మనే ఏరుకున్నాడు. పొద్దంతా భూమి కింద గడిపే మనిషికి సాయంత్రం ఎంత అపురూపమో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఇది చేత్తో వేసిన బొమ్మ కాదని, చెక్కమీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద అద్దిన బొమ్మను చూసి అచ్చు వేసిందని ఆ ఇంజనీరు సైగలతో ఆయనకు చెప్పాడట. నీలానికి ఒక చెక్క, ఆకుపచ్చకు ఒక చెక్క, అలా ఒక్కో రంగుకు ఒక్కో చెక్క. మా నాయన ఆ సంగతి వచ్చినవాళ్లకల్లా గొప్పగా చెప్పేవాడు. "గింతంత కిటికీల పసుపు కోసం కూడా ఒక చెక్క చెక్కిన్రట రా, ఎంత ఓపికనో చూడు," అని వేలితో ఆ కిటికీని చూపించేవాడు.

పటం కట్టించింది దేవుడి పటాలు కట్టే షాపులో. ఆ షాపాయన అలవాటు కొద్దీ చుట్టూ బంగారు రంగు అంచు పెట్టి, చట్రానికి పైన రెండు మూలల్లో దండ వేసుకోవడానికి రెండు చిన్న మేకులు కూడా కొట్టి ఇచ్చాడు. దీనికి దండ ఎందుకయ్యా అని మా నాయన అడిగితే ఆయన వింతగా చూశాడట. ఆయన లెక్కలో గోడకెక్కే పటాలు రెండే రకాలు, దేవుళ్లవీ, పోయినవాళ్లవీ. ఆ రెండు మేకులూ అలాగే ఉండిపోయాయి, నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మా నాయన ఆ పటాన్ని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చేదాకా వాటితో ఎవరికీ పని పడలేదు.

నా ఉద్యోగం గోదావరి నీటిమట్టం కొలవడం. పర్ణశాలకు ఎగువన, బస్సు దిగాక గంటన్నర నడిస్తే వచ్చే చిన్న పల్లె అది. ఒక పక్క అడవి, ఒక పక్క నది. రేవు మెట్ల పక్కన ఎరుపు తెలుపు గీతలున్న కొలబద్దలు వరుసగా పాతి ఉండేవి. పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఆరింటికి వాటి దగ్గరికి వెళ్లి, నీళ్లు ఏ గీత మీదున్నాయో చూసి, పుస్తకంలో రాసి, రేకుల షెడ్డులో ఉన్న వైర్‌లెస్ సెట్టులో భద్రాచలానికి చెప్పాలి. వరదొస్తే గంటగంటకూ చెప్పాలి. ఇంతే పని, కానీ మనిషిని అదో రకంగా తయారు చేస్తుంది. ఇప్పటికీ ఎక్కడ మెట్లు కనపడ్డా లెక్కపెడతాను, ఎక్కడ బావి కనపడ్డా నీళ్లెంత లోతులో ఉన్నాయో అంచనా కడతాను, పెళ్లిలో మా మామగారు నా కాళ్లు కడుగుతుంటే పళ్లెంలో నీళ్లు ఎంత మేర వచ్చాయో చూస్తూ కూర్చున్నానని మా ఆవిడ నేటికీ నవ్వుతుంది.

నేను కిరాయికి దిగింది నదికి అందరికంటే దగ్గరున్న ఇంట్లో. ఆ ఇంట్లో ఒక అవ్వ, ఆమె కోడలు, ఇద్దరే ఉండేవాళ్లు. కోడలు నాకంటే రెండు మూడేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేవాణ్ని. అవ్వ కొడుకు నేను వెళ్లడానికి మూడేళ్ల ముందు ఒక సాయంత్రం వెదురు తెప్పల మీద కిందికి వెళ్లాడు. రాజమండ్రి దాకా వెదురు చేర్చి పదిహేను రోజుల్లో తిరిగి వచ్చే పని. వాడితో వెళ్లిన తెప్పలన్నీ చేరాయి, వాడి తెప్ప ఒక్కటి చేరలేదు. మనిషి దొరకలేదు, వెదురు దొరకలేదు, కట్టుకున్న గుడ్డ కూడా దొరకలేదు. అవ్వ మాత్రం రోజూ దీపాల వేళ కాగానే లాంతరు వెలిగించి, నదివైపు కిటికీలో పెట్టేది. చీకట్లో రేవు కనపడాలి కదా అనేది.

అప్పటికి ఊరి పెద్దలు ఒక మాట అనుకున్నారు. పెత్రమాస నాడు పోయినవాళ్ల పేరుమీద బియ్యం ఇస్తాం కదా, ఈసారి ఆ కొడుకు పేరు కూడా చెప్పి బియ్యం ఇచ్చేస్తే, మనిషి పోయినట్టు లెక్క. అప్పుడు కోడలికి మారుమనువుకు అడ్డం ఉండదు. తల్లాడ దగ్గర ఆమె పుట్టింటి అన్నలు ఒక సంబంధం కూడా చూసి పెట్టారు. అవ్వ ససేమిరా అంది. బతికున్నోనికి బియ్యమెట్ల ఇస్తరు అని ఎదురడిగింది. అన్నలు రెండేళ్లు వచ్చి వెళ్లారు. మూడో ఏడు వచ్చినప్పుడు, ఈ పెత్రమాసకు కాకపోతే ఇక మేం రాము, నీ బతుకు నువ్వు చూసుకో అని చెల్లెలితో గట్టిగా చెప్పి వెళ్లిపోయారు. అక్క ఆ పూట కూడా అన్నం వండి, వడ్డించింది.

ఇలాంటి ఇంట్లో నేను ఆ పటాన్ని తగిలించాను. ఏమీ తెలియని రోజులు, ఇరవై రెండేళ్లు నాకు. మేకు కొడుతున్న చప్పుడుకు అవ్వ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె కళ్లకు అప్పటికే పొరలు, తల అటూ ఇటూ వంచి వెలుతురు చూసుకొని గానీ ఏదీ పోల్చుకునేది కాదు. ఎవరు పోయిన్రు బిడ్డా అని అడిగింది. ఎవరూ పోలేదవ్వా, ఊరికే బొమ్మ అని నవ్వాను. ఆమె నవ్వలేదు. దగ్గరికొచ్చి అద్దం మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది.

"ఇంట్ల దీపమున్నది. ఎవరో ఉన్నరు," అంది.

ఆ రోజు నుంచి తన లాంతరు వెలిగించగానే నా గదికి వచ్చి ఆ పటం ముందు కాసేపు నిలబడటం ఆమెకు అలవాటైంది. ఇయ్యాల పడవ జరంత జరిగింది అనేది ఒకరోజు. ఇంకోరోజు, చెట్టు కొమ్మ ఊగుతాంది, గాలి మొదలైనట్టుంది అనేది. నాకు మొదట్లో నవ్వొచ్చేది. పొరలున్న కళ్లకు ఏదైనా కదులుతుందిలే అనుకొని, మా నాయన దగ్గర నేర్చుకున్న పాఠమంతా ఆమెకు అప్పజెప్పాను, ఇది చెక్క అచ్చుతో వేసిందనీ, రంగుకో చెక్క అనీ, అందులో ఏదీ కదలదనీ. ఆమె శ్రద్ధగా విని, "చెక్కతోని చేసిన్రా, గందుకే నీళ్ల మీద తేలుతాంది," అని వెళ్లిపోయింది.

నవ్వు ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. ఆరు గంటల రీడింగు చెప్పి వచ్చేసరికి గదిలో వెలుతురు సన్నగిల్లేది. పటంలో ముందు చెట్టు పోయేది, తర్వాత పడవ, తర్వాత ఇల్లు గోడలో కలిసిపోయేది, ఆ కిటికీ మాత్రం అన్నిటికంటే చివరిదాకా ఉండేది. నేను నా లాంతరు వెలిగించకుండా అది ఎప్పుడు ఆరుతుందా అని చూస్తూ కూర్చునేవాణ్ని. ఎంతకీ ఆరనట్టు అనిపించి నేనే ముందు అగ్గిపుల్ల గీసేవాణ్ని. ఒకసారి భయం పట్టలేక పటాన్ని గోడవైపు తిప్పి వెళ్లాను. వచ్చేసరికి మళ్లీ ఇటు తిరిగి ఉంది, అవ్వ నా మంచం మీద కూర్చొని ఉంది. ఏంది నాయనా, లోపల మనిషుండంగ గోడదిక్కు తిప్పుతరా అని, తిట్టలేదు గానీ తిట్టినంత పని చేసింది. ఆ తర్వాత నేను ఆ పటం జోలికి పోలేదు, పొద్దునొకసారి, సాయంత్రమొకసారి మెట్లు లెక్కపెట్టుకోవడం తప్ప.

అక్క మాత్రం నా గదిలోకి వచ్చేది కాదు, వచ్చినా ఆ గోడవైపు చూసేది కాదు. ఒకరోజు నేను అన్నం తింటుంటే మంచినీళ్లు పెట్టి, "మా అత్త ఆ బొమ్మల ఇంటికి కావలి ఉంటది. నేను మా అత్తకు కావలి ఉంట. నాకెవరున్నరు తమ్మీ," అంది. నేను తల దించుకొని ముద్ద కలుపుకున్నాను. ఆ వయసులో ఇంకేం చేయాలో నాకు తెలియలేదు, ఇప్పుడైనా తెలుసని అనుకోను.

ఆ ఏడు వానలు వెనకపట్టాక, పెత్రమాసకు రెండు రోజుల ముందు, మా అమ్మ పచ్చడి జాడీలతో నన్ను చూడటానికి వచ్చింది. మా అమ్మ ఎవరింటికి వెళ్లినా ఊరికే కూర్చునే మనిషి కాదు. పెత్రమాసకు ముందురోజు నేను పొద్దున రీడింగుకు వెళ్లగానే గదంతా ఊడ్చి, గోడకున్న నా రాముడి పటాన్నీ, దాని పక్కన జపాను పటాన్నీ తడిగుడ్డతో తుడిచి, చెయ్యి తిరిగిన అలవాటు కొద్దీ రెండిటికీ కుంకుమ బొట్లు పెట్టింది. ఆ సంగతి చెప్పకుండానే మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది. బస్సెక్కించి నేను నేరుగా షెడ్డుకు వెళ్లి, ఆరు కాబోతుండగా టార్చి లైటు కోసం గదికి వచ్చాను.

పటానికి బొట్టు ఉంది. బొట్టు ఒక్కటే అయితే సరిపోను, ఆ రెండు మేకుల మధ్య తంగేడు పూల దండ వేలాడుతోంది. ఆ ఇంట్లో అప్పటిదాకా దండ ఉన్న పటం ఒక్కటే, అవ్వ చనిపోయిన భర్తది. అమ్మా, ఎంత పని చేశావే అని పైకే అనేశాను. అప్పుడు అలవాటుగా చూపు మెట్ల మీదికి పోయింది. నాలుగే ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్లీ వెనక్కి లెక్కపెట్టినా నాలుగే. ఐదో మెట్టు ఉండాల్సిన చోట నీలం రంగు నీళ్లున్నాయి.

ఒక్క చెయ్యి చాపితే దండ తీసేయగలిగేవాణ్ని. కానీ ఆరైపోతోంది, రీడింగు ఒక్క నిమిషం ఆలస్యమైనా ఒప్పుకోని రోజులవి, పైగా ఆ పటాన్ని ముట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. వచ్చాక తీయొచ్చులే అనుకొని టార్చి తీసుకొని బయటపడ్డాను. నా జీవితంలో తప్పులు చాలా ఉన్నాయి గానీ, ఆ ఒక్కటి నన్ను ఏళ్ల తరబడి నిద్రపోనివ్వలేదు.

రేవులోకి దిగేసరికి నది చప్పుడు మారింది. మాకు వారం నుంచి చినుకు లేదు, పైనుంచి వైర్‌లెస్‌లో కబురు లేదు. అయినా పొద్దున నేను నిలబడ్డ మెట్టు కనపడలేదు. నీళ్లు ఎర్రగా, నురగ లేకుండా, మాట్లాడకుండా ఎక్కుతున్నాయి. టార్చి వేసి గీత చూసి, రాసుకుందామని పుస్తకం తీస్తూ తల ఎత్తి ఇంటివైపు చూశాను. కిటికీలో లాంతరు లేదు. నేను ఆ ఊరికి వచ్చినప్పటి నుంచి ఆ వేళకు ఆ కిటికీ చీకటిగా ఉండటం అదే మొదటిసారి. లాంతరు ఒడ్డు దిగి వస్తోంది.

నేను పరుగెత్తి అందుకునేసరికి అవ్వ మోకాళ్ల లోతు నీళ్లలో ఉంది. ఆమె జబ్బ పట్టుకున్నాను. ఎంత తేలిగ్గా ఉందంటే, నేను లాగితే వచ్చేస్తుందని, నది లాగినా పోతుందని తెలిసింది. అవ్వా, నీళ్లెక్కుతున్నయ్, రా అని అరిచాను. ఆమె అరవలేదు, పెనుగులాడలేదు. లాంతరు ఉన్న చేతిని పైకెత్తి అవతలి ఒడ్డును చూపించింది.

"అగో, వాని ఇంట్ల దీపం. చూసినవా?"

అవతలి ఒడ్డున ఊరు లేదు. గుడిసె లేదు. ఆ రోజుల్లో అటు మైళ్ల దూరం గట్టి అడవి, వానాకాలం మనిషి అడుగుపెట్టని అడవి. ఆ అడవి అడుగున, నీటి అంచుకు కాస్త పైగా, వెలుగుంది. చేపలు పట్టేవాళ్ల మంటలా ఎర్రగా కాదు, ఊగుతూ కాదు. పసుపుగా, నిలకడగా, నాలుగు మూలలున్న కిటికీ మేర. నేను చూశాను. ఎవరు ఏమనుకున్నా సరే, నేను చూశాను. పట్టుకున్న ఆమె జబ్బను వదిలేశానన్న సంగతి కూడా నాకు తెలియలేదు.

"ఇగ చాలు బిడ్డా," అంది అవ్వ, నాతో కాదు. "నువ్వు పండుకో. ఆమెను పోనీయి."

అవతల వెలుగు ఆరిపోయింది. గాలికి ఆరినట్టు కాదు, ఎవరో తలుపు మూసినట్టు ఆరింది. అప్పుడు ఆమె తన లాంతరు గాజు పైకెత్తి, ఉఫ్ అని ఊది, నా చేతికిచ్చి, ఎవరి సాయం లేకుండా మెట్లెక్కింది. ఒడ్డు మీద అక్క నిలబడి ఉంది. తన చీర కుచ్చిళ్లు పిడికిట్లో పట్టుకొని ఉంది. అవ్వ కోడలి భుజం మీద చెయ్యి వేసి ఇంట్లోకి నడిపించుకుపోయింది, ఎవరు ఎవరిని నడిపించారో నేను సరిగ్గా చెప్పలేను.

నేను తిరిగి వెళ్లి రీడింగు చెప్పాను. పుస్తకంలో నీటిమట్టం రాసి, రిమార్కుల గడిలో ఏమీ ఆలోచించకుండా 'అవతలి ఒడ్డున దీపం' అని రాసేశాను. పై నెలలో తనిఖీకి వచ్చిన ఆఫీసరు అది చదివి, ఏమయ్యా, నిన్ను పెట్టింది నీళ్లు చూడటానికా, దీపాలు చూడటానికా అని నవ్వి, ఎర్ర సిరాతో కొట్టేశాడు.

మర్నాడు పెత్రమాస. అవ్వ తలంటుకొని, చేటలో బియ్యం పోసి, అందరికీ వినపడేలా కొడుకు పేరు తానే చెప్పి ఇచ్చింది. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. దసరా వెళ్లగానే అన్నలు వచ్చి అక్కను తీసుకెళ్లారు. బండి ఎక్కేటప్పుడు అత్తాకోడళ్లు ఒకరినొకరు పట్టుకొని ఏడ్చిన ఏడుపు విని కోయగూడెం ఆడవాళ్లు కూడా వచ్చి, వాళ్ల మాటలో ఏదో ఓదార్పు చెబుతూ చుట్టూ నిలబడ్డారు. నాకు ఆ మాటలు రావు గానీ అర్థమయ్యాయి. పై ఏడు నాకు బదిలీ అయితే ఆ పటం ఉంచి పో బిడ్డా అని అవ్వ అడిగింది, ఉంచి వచ్చాను. ఆమె పోయాక ఒక పెద్ద వరదకు ఆ ఇంటి వరుస మొత్తం కొట్టుకుపోయిందని విన్నాను. పటం కూడా దాంతో పాటే పోయి ఉంటుంది.

ఇన్నేళ్లూ నేను మోసిన బరువు ఒకటే. మా అమ్మ అమాయకంగా దండ వేసింది, నేను బద్ధకించి తీయలేదు, కళ్లు కనపడని ఒక తల్లి దాన్ని చూసి కొడుకు పోయాడని నమ్మి నీళ్లలో దిగింది. ఆ మాటా, పటంలో మెట్టు మాయమైన మాటా ఒకసారి మా అమ్మతో అంటే ఆమె తెల్లబోయింది. తడిగుడ్డతో తుడిచిన మాట నిజమేరా, బొట్టు పెట్టిన మాట నిజమే, అద్దం మూల పగిలి ఉంటే లోపలికి నీళ్లు పోయి రంగు పాకిందేమో కూడా, కానీ దండ నేనెందుకు వేస్తాను, ఆ ఊళ్లో నాకు పూలెవరిచ్చారు అంది.

సంగతి తేలింది తల్లాడ బస్టాండులో. పదిహేనేళ్ల తర్వాతి మాట. బస్సు కోసం నిలబడితే ఎవరో తమ్మీ అని పిలిచారు. అక్క. పక్కన విత్తనాల సంచులు మోస్తున్న పెద్దమనిషి, రెండు చేతులకూ ఇద్దరు పిల్లలు. కాస్త లావైంది, ముక్కుపుడక మెరుస్తోంది, ఎంత బాగుందో. ఆ మాటా ఈ మాటా అయ్యాక నేనే ఆ సాయంత్రం సంగతి ఎత్తాను. ఆమె భర్తను చాయ తాగిరమ్మని పంపింది.

"ఆ దండ నేనే ఏసిన తమ్మీ. మీ అమ్మ పెట్టిన బొట్టు చూసినంక నాకా బుద్ధి పుట్టింది. దండ చూస్తెనన్న నమ్ముతదని. పాపిష్టిదాన్ని అనుకో."

ఆమె కొంగుతో మొహం తుడుచుకొని మళ్లీ చెప్పింది. "ఏసి తిరిగి చూసేసరికి అత్త దర్వాజల నిలబడ్డది. అంతా కనిపెట్టింది. నాకు పాణం పోయింది. ఆమె దగ్గరికొచ్చి దండ తడిమి, 'పూలు తక్కువైనయ్ బిడ్డా, ఇంకిన్ని కట్టు' అన్నది."

బస్సు వచ్చింది, వెళ్లిపోయింది, నేను ఎక్కలేదు. అంటే అవ్వ మోసపోలేదు. దండను చూసి కొడుకు పోయాడని నమ్మలేదు. ఎప్పటికీ నమ్మి ఉండదు. కోడలికి బతకాలని ఉందని తెలుసుకొని, నదిలోకి దిగి కొడుకు దగ్గర సెలవు తీసుకుంది. మరి అవతలి దీపమో అని అడిగాను. అక్క నన్ను జాలిగా చూసింది. అత్తకు వాకిట్లో మనిషే ఆనేది కాదు, గోదారి అవతల ఏం కనపడుతుంది తమ్మీ, నీకు కనపడ్డదా అంది. కనపడలేదని అబద్ధం చెప్పాను.

ఇవన్నీ ఇప్పుడెందుకంటే, పోయిన వారం నా ఎడమ కంటికి ఆపరేషను అయింది. కట్టు విప్పాక ఆ వరండాలోకి వచ్చి చేసిన మొదటి పని ఆ పటం చూడటం. మెట్లు ఐదు. నీళ్లు ఇంత నీలమా అనిపించింది. కానీ కిటికీలో దీపం లేదు. పసుపే లేదు. ఉత్త తెల్లకాగితం. ఇంతకుముందు పసుపు ఉండేది కదమ్మా అని అక్కడున్న నర్సమ్మను అడిగాను. మొదటి సంది గట్లనే ఉంది సార్, పొరలున్నోళ్లకు తెల్లది పసుపుగ కనపడ్తది అని చెప్పి నవ్వింది. ఈ ప్రతికి ఆ ఒక్క చెక్క అద్దడం మరిచిపోయారేమో, లేక మానేశారేమో, మా నాయన ఉంటే బాధపడేవాడు.

ఇప్పుడు గోదావరి మట్టం కొలవడానికి సాయంత్రం ఆరింటికి ఎవరూ రేవు దిగరట. స్తంభానికి పెట్టిన మిషనే చూసుకొని, మిషనే చెబుతుందట, రిమార్కుల గడి కూడా ఉండదట. మంచిదే, అది ఒక్క నిమిషం ఆలస్యం చేయదు. వెళ్లినవాళ్లు ఎక్కడున్నారో ఫోనులో చుక్కలా కనపడుతుంది కాబట్టి కిటికీల్లో లాంతర్లు పెట్టే పని కూడా లేదు. నేను దేన్నీ తప్పుపట్టడం లేదు. కానీ ఒకరి కోసం దీపం పెట్టడమూ, ఇంకొకరి కోసం దాన్ని ఆర్పడమూ తెలిసిన మనుషుల మధ్య కొన్నాళ్లు బతికాను, ఆ మనుషుల్ని తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. పొరలున్న కంటికి పసుపు కనపడుతుందంటే ఒప్పుకుంటాను. ఇరవై రెండేళ్ల వయసులో, ఏ పొరా లేని కళ్లతో నేను చూసిన దానికి ఆ నర్సమ్మ ఏం చెబుతుందో మాత్రం అడగలేదు.

అడిగే బదులు ఇంకో పని చేశాను. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకొని, బాగైన ఎడమ కన్ను మూసుకొని, ఆపరేషను కాని కుడి కంటితో పటాన్ని చూశాను. కిటికీలో దీపం వెలుగుతోంది.

రెండో కంటి సంగతి తర్వాత చూద్దామని డాక్టరుకు చెప్పేసి వచ్చాను. మా ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది.